వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు

కథలు రాస్తున్న ఒక అమ్మాయి ఈమధ్య నాకు మెయిల్ పెట్టింది. మొదటి నవల సగంలో ఆగిపోయిందట. నవల ఆగినందుకు పడుతున్న బాధ కంటే, తను ఏ రకం రచయిత్రో తేలక పడుతున్న బాధే ఆ మెయిల్లో ఎక్కువగా కనిపించింది. “నేను ప్లాన్ వేసుకుని రాసే రకాన్ని కాదు, అన్నా! రాస్తూ పోతే అదే వస్తుందనుకున్నాను. రావట్లేదు. అంటే నేను ఆ రకం కూడా కాదేమో” అని రాసింది.

ఈ ‘రకం’ గొడవ ఇప్పుడు బాగా ముదిరింది. నలుగురు రాసేవాళ్లు కలిస్తే చాలు, కాసేపట్లోనే ఈ ప్రశ్న వచ్చేస్తుంది: మీరు ముందే అంతా గీసుకుని మొదలుపెడతారా, చేతికొచ్చినట్టు రాస్తూ పోతారా? ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నవలలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రచయితల్ని భవనం కట్టేవాళ్లు, తోట పెంచేవాళ్లు అని రెండుగా విడదీసి చెప్పిన మాట బాగా పాకిపోయింది. వినగానే ఎవరికి వాళ్లు ఏదో ఒక గుంపులో చేరిపోతారు, తమ జన్మరాశి తెలిసినంత సంబరంగా. ఇక ఆ తర్వాత ఏం జరిగినా రాశిఫలమే. నవల ఆగిందా? తోటమాలికి అలాగే అవుతుంది. పాత్రలు బిగుసుకుపోయాయా? భవనాలు కట్టేవాళ్లకి అది మామూలే.

నాకు ఈ విభజన మీద చాలాకాలంగా అనుమానం. స్వభావాల్లో తేడా లేదని కాదు. ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఒక రచనకి ముందుగా ఎంత ప్లాన్ కావాలో తేల్చేది రచయిత స్వభావం కాదని నా అభిప్రాయం. రాసినదాన్ని వెనక్కి వెళ్లి మార్చుకునే వీలు ఎంత ఉందన్నదే తేలుస్తుంది. ఆ వీలు పూర్తిగా ఉన్నవాళ్లు ఎంత గుడ్డిగా మొదలుపెట్టినా ఫరవాలేదు. అది లేనివాళ్లు మాత్రం ముందే కొంత ఆలోచించుకు తీరాలి, పుట్టుకతో ఎలాంటివాళ్లైనా సరే.

అచ్చయిపోయిన భాగం

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ సంగతి చూడండి. ‘పిక్‌విక్ పేపర్స్’ 1836లో నెలనెలా విడి భాగాలుగా మొదలైనప్పటికి ఆయనకి 24 ఏళ్లు. అసలు ఒప్పందమే వేరు. వేట, ఆటల సరదా బొమ్మలు ఒకాయన గీస్తాడు, వాటికి తగ్గట్టు ఈయన మాటలు రాయాలి. ఆ చిత్రకారుడు మొదట్లోనే చనిపోయాడు. పుస్తకం తన దారి తను వెతుక్కుంది. ఇప్పుడు అందరికీ గుర్తున్న సామ్ వెల్లర్ నాలుగో భాగంలో గానీ రాడు, అతను వచ్చాకే అమ్మకాలు ఎగిశాయి. నెలనెలా ఏది తోస్తే అది రాసి నెగ్గుకొచ్చిన కుర్రాడు డికెన్స్.

పదేళ్లు గడిచాక, ‘డోంబీ అండ్ సన్’ దగ్గర్నుంచి, అదే మనిషి నెల భాగానికో కాగితం పెట్టుకున్నాడు. ఒక సగంలో అధ్యాయాల వరుస. రెండో సగంలో తనని తను అడుగుతున్న ప్రశ్నలు, వాటికి తనే ఇచ్చుకున్న జవాబులు: ఫలానా పాత్ర ఈ నెల రావాలా? వద్దు. ఫలానా సంగతి చెప్పేయాలా? ఇప్పుడే కాదు. ఈ కాగితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ‘ఇప్పుడే కాదు’. ఔట్‌లైన్ అంటే ఏం జరగాలో రాసుకునే జాబితా అనుకుంటాం. డికెన్స్ ఔట్‌లైన్‌లో సగం పని ఏది ఇంకా జరగకూడదో గుర్తుంచుకోవడం.

ఆయన స్వభావం మారిపోయిందనాలా? నాకలా అనిపించదు. సరదా సంఘటనల వరుసగా సాగే పుస్తకంలో మూడో నెల ఏం చెప్పామో పదమూడో నెలలో పెద్దగా అడ్డురాదు. ఒక రహస్యం చుట్టూ, ఒక కుటుంబం పతనం చుట్టూ తిరిగే కథ అలా కాదు. మూడో నెల భాగం అప్పటికే వేల ఇళ్లలో ఉంది. ఇళ్లిళ్లూ తిరిగి వెనక్కి తేలేడు కదా.

అదే కాలంలో ట్రోలప్ అని ఇంకో ఇంగ్లీషు నవలాకారుడు ఉన్నాడు. పోస్టాఫీసు ఉద్యోగం. తెల్లవారుజామున అయిదున్నరకి బల్ల ముందు కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు. వారానికి ఎన్ని పేజీలయ్యాయో డైరీలో లెక్క వేసుకునేవాడు. ఇదంతా వింటే ఎవరైనా, ఆహా, ఇతను కథంతా గళ్ల కాగితం మీద గీసుకునే మనిషి అనుకుంటారు. తీరా చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో, కథ అల్లిక గురించి తను పెద్దగా తల బద్దలుకొట్టుకోనని ఆయనే చెప్పుకున్నాడు. గడియారం పట్టింపు వేరు, కథ పట్టింపు వేరు. రోజూ వేళకి కూర్చోవడాన్నీ, కథని ముందే గీసుకోవడాన్నీ మనం ఒకే గాటన కట్టేస్తాం. ప్లాన్ లేకుండా రాసేవాళ్లంటే మూడ్ వస్తే రాసేవాళ్లు అని ఒక దురభిప్రాయం కూడా ఇక్కడి నుంచే పుట్టింది.

ట్రోలప్‌కి ఇంకో నియమం ఉండేది. నవల మొత్తం పూర్తయ్యేదాకా మొదటి భాగాన్ని అచ్చుకి ఇవ్వకూడదు. ముగింపుకి తగ్గట్టు మొదలుని సరిచేసుకునే అధికారం రచయిత చేతిలో ఉండాలన్నది ఆయన చెప్పిన కారణం. 1860లో కొత్తగా మొదలైన ‘కార్న్‌హిల్’ పత్రిక తొందరపెట్టడంతో ‘ఫ్రామ్లీ పార్సనేజ్’ విషయంలో ఆ నియమం తప్పాల్సి వచ్చిందని కూడా రాసుకున్నాడు.

ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టినప్పుడే నా అభిప్రాయం గట్టిపడింది. ఇద్దరూ సీరియల్‌గా అచ్చయినవాళ్లే. ఒకాయన వెనక్కి వెళ్లే వీలు వదులుకుని ప్లాన్ పట్టుకున్నాడు. రెండో ఆయన ప్లాన్ వదిలేసి వెనక్కి వెళ్లే వీలు పట్టుకున్నాడు. రెండూ వదులుకున్నవాళ్ల పరిస్థితి ఏమిటన్నది అసలు ప్రశ్న.

చెక్క చెప్పుల మనిషి

టోల్కీన్ ‘ది హాబిట్’ 1937లో వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే దాని కొనసాగింపు, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, మొదలుపెట్టాడు. ఎటు పోతోందో ఆయనకే తెలియదు. సత్రంలో ఒక మూల కూర్చున్న అపరిచితుడు తొలి చిత్తుప్రతుల్లో చెక్క చెప్పులు తొడుక్కున్న ఒక హాబిట్ (ఆ కథల్లోని పొట్టి జాతి మనిషి), పేరు ట్రాటర్. ఎవరితను, ఎందుకొచ్చాడు? రచయితకీ తెలియదు. చివరికి 1954–55లో పుస్తకం బయటికి వచ్చేసరికి అతను రాజ్యానికి వారసుడైన ఆరగార్న్. ఇంత పెద్ద మార్పు జరిగినా పాఠకుడికి ఎక్కడా అతుకు కనబడదు. ఏళ్ల తరబడి ఆ రాతంతా ఆయన బల్ల మీదే ఉంది కాబట్టి, ముందుకు వెళ్లిన ప్రతిసారీ వెనక్కి వచ్చి మళ్లీ రాసుకోగలిగాడు.

ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. అచ్చయిపోయిన ‘హాబిట్’ ఉంది కదా. అందులో గొల్లమ్ అనే వింత జీవి, కథానాయకుడైన బిల్బోతో పొడుపుకథల పందెంలో ఉంగరాన్నే బహుమతిగా ఒడ్డుతాడు, ఇవ్వడానికి సిద్ధంగానే ఉంటాడు. కొత్త కథలో ఆ ఉంగరం ఎవరూ ఇష్టపడి వదులుకోలేనిది. రెండూ పొసగవు. 1951 కూర్పులో ఆ అధ్యాయాన్ని తిరగరాశారు. మరి పాతది చదివేసినవాళ్ల సంగతి? దానికీ కథలోనే జవాబు అల్లాడు: ఆ పాత కథనం బిల్బో చెప్పిన అబద్ధమట! తెలివైన పనే. కానీ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయాక రచయిత ఎంత గోడ దూకాల్సి వస్తుందో కూడా అది చెబుతుంది.

‘తోటమాలి’ అని తనకి తనే పేరు పెట్టుకున్న మార్టిన్ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. మూడు నవలలు అనుకున్నది పెరుగుతూ పోయింది. మొదటిది 1996లో, అయిదోది 2011లో వచ్చాయి. ఆ తర్వాతి నవల కోసం పాఠకులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. దీన్ని బద్ధకం అనో, డబ్బు మదం అనో తిట్టేవాళ్లని చూస్తే నాకు చిరాకు. టోల్కీన్ పద్ధతిలో రాస్తూ డికెన్స్‌లా విడి భాగాలుగా అచ్చు వేయించుకోవడం ఎంత కష్టమో ఆ ఆలస్యంలో కనిపిస్తోంది నాకు. అయిదో పుస్తకంలో ఒక పాత్ర తనంతట తను కొత్త దారి పట్టిందనుకోండి, ఒకటో పుస్తకం దానికి తగ్గట్టు కదలదు.

మెయిల్ రాసిన అమ్మాయి నవలలో జరిగిందీ ఇదే. నాలుగు మాటలు మాట్లాడాక తెలిసింది, నవలని వారానికో భాగం చొప్పున ఆన్‌లైన్‌లో పెడుతోంది. రెండో భాగంలో కథానాయిక తల్లి చనిపోయినట్టు రాసేసింది, అప్పటికి ఆ చావు బాగుందనిపించి. సగానికి వచ్చేసరికి కథంతా ఆ తల్లి చుట్టూ తిరగాలని తేలింది. తల్లి లేదు. చదివినవాళ్లు ఆమె చావు మీద కన్నీళ్ల ఎమోజీలు కూడా పెట్టేశారు. ఇందులో ఆమె ‘రకం’ ప్రసక్తి ఏముంది? ఇదే నవలని ఎవరికీ చూపించకుండా రాసి ఉంటే ఆ తల్లిని బతికించడం ఒక సాయంత్రం పని. ఆ మాటే చెప్పాను.

దానికి తను ఇచ్చిన జవాబు తేలిగ్గా తీసేసేది కాదు. వారం వారం ఎవరో ఎదురుచూస్తున్నారన్న టెన్షన్ లేకపోతే అసలు ఒక్క పేజీ కూడా రాసేదాన్ని కాదంది. నిజమే. ట్రోలప్ నియమం పాటించాలంటే ట్రోలప్‌లా ఎవరూ అడక్కుండానే తెల్లవారుజామున లేవగలగాలి. దిద్దుకునే వీలు కావాలంటే పాఠకుల ఒత్తిడి లేకుండా రాయగలగాలి, అది చాలామందికి చేతకాదు. అచ్చుకి ముందే నాలుగైదు భాగాలు చేతిలో ఉంచుకుంటే కొంత మేలని మాత్రం అన్నాను. అంతకన్నా గొప్ప సలహా నా దగ్గర లేదు.

తాము ఎలా రాశామో చెప్పే కథలు

ఈ చర్చలో సాక్ష్యాలుగా తెచ్చేవన్నీ రచయితలు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు. వీటిని నమ్మేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

అమెరికన్ కవి ఎడ్గర్ అలన్ పో 1846లో ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన తన కాకోలం పద్యాన్ని, ‘ది రావెన్’ని, గణిత సమస్యలా అడుగడుగునా లెక్కేసి కట్టానన్నాడు. పొడవెంత ఉండాలి, ఏ భావం కలగాలి, పల్లవిగా తిరిగొచ్చే మాటలో ఏ శబ్దాలుండాలి, అన్నీ ముందే తేల్చుకుని చివరి నుంచి మొదలుపెట్టాడట. దానికి సరిగ్గా అవతలి ఒడ్డున ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్. 1816లో ‘కుబ్లా ఖాన్’ పద్యం అచ్చు వేస్తూ, అది నిద్రలో వందల పాదాలుగా దానంతట అదే వచ్చిందనీ, లేచి రాసుకుంటుంటే ఎవరో పని మీద వచ్చి తలుపు తట్టడంతో మిగతాది చెదిరిపోయిందనీ ముందుమాట రాశాడు. తర్వాత బయటపడ్డ ఆయన చేతిరాత ప్రతికీ అచ్చు ప్రతికీ తేడాలున్నాయి. ఒక కొండ పేరు కూడా మారింది. కలలో వచ్చినదాన్ని మెలకువలో దిద్దుకున్నాడన్నమాట. పో లెక్కల్ని కూడా చాలామంది విమర్శకులు పూర్తిగా నమ్మరు. పద్యం పూర్తయ్యాక కూర్చుని కట్టిన లెక్కలేమోనని వాళ్ల అనుమానం, నాదీ అదే.

ఒకరికి తను మహా తెలివిగలవాణ్ణని చెప్పుకోవాలని ఉంది, ఇంకొకరికి తనని ఏదో ఆవహించిందని చెప్పుకోవాలని ఉంది. రెండూ ముచ్చటే. 1951 ఏప్రిల్లో మూడు వారాల్లో, దాదాపు 120 అడుగుల కాగితపు చుట్ట మీద ఆగకుండా టైపు చేసిన అమెరికన్ రచయిత కెరువాక్ నవల ‘ఆన్ ద రోడ్’ గురించి అందరూ చెబుతారు. అంతకు ముందు ఏళ్లపాటు ఆయన నింపిన నోటుపుస్తకాల గురించి, తర్వాత 1957లో అచ్చయ్యేదాకా జరిగిన దిద్దుబాట్ల గురించి ఎవరూ చెప్పరు. ఆ మూడు వారాల కథే బాగుంటుంది మరి.

మన గురజాడ ఉదాహరణ నాకు వీటన్నిటికన్నా నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు కూర్పులూ అచ్చులో ఉన్నాయి, ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు. ‘కన్యాశుల్కం’ 1892లో వేదికెక్కింది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరిగి వచ్చింది. మనకి తెలిసిన మధురవాణి అంత మధురవాణి అయింది రెండో కూర్పులోనే. ఏ ఔట్‌లైన్ వేసుకుని ఉంటే ఆ మధురవాణి 1892లోనే దొరికేది? ఒకసారి అచ్చయిన పుస్తకాన్ని కూడా ‘ఇంకా కాలేదు’ అనుకోగలిగిన మనిషి కాబట్టి దొరికింది.

నా మాటకి అడ్డొచ్చేవాళ్లు

ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ నా సూత్రానికి లొంగడు. ‘మదాం బొవారీ’ మీద 1851 నుంచి 1856 దాకా కూర్చున్నాడు. పూర్తయ్యాకే పత్రికలో వచ్చింది. తొందరపెట్టినవాళ్లు లేరు, వెనక్కి వెళ్లే వీలు కావలసినంత ఉంది. అయినా దృశ్యాల వరుసని మళ్లీ మళ్లీ గీసుకున్నాడు, మళ్లీ మళ్లీ మార్చుకున్నాడు. ఆయన ప్లాన్లే ఒకరకంగా చిత్తుప్రతులు కదా అని వాదించొచ్చు. కొంతవరకు నిజం కూడా. కానీ అలా సాగదీస్తే ఏ ఉదాహరణనైనా నా వైపు లాక్కోవచ్చు, ఆ పని చేయను. దిద్దుకునే వీలుంటే ప్లాన్ అక్కర్లేదు అనేంతవరకే నా మాట నిలుస్తుంది. అక్కర్లేకపోయినా కావాలనుకునేవాళ్లు ఉంటారు.

దాస్తయేవ్‌స్కీ ఇంకో వైపు నుంచి అడ్డొస్తాడు. ‘ఇడియట్’ నవలకి పత్రిక నుంచి ముందే డబ్బు తీసుకున్నాడు. 1867 డిసెంబర్లో, అప్పటిదాకా రాసినదంతా నచ్చక పక్కన పడేశాడు. కొన్ని వారాల్లో కొత్త కథ మొదలుపెట్టి మొదటి అధ్యాయాలు పంపించేశాడు. 1868 జనవరి నుంచి సీరియల్. ముందేం జరుగుతుందో సరిగ్గా తెలియకుండానే. రూలెట్‌లో పందెం కాసినట్టు తెగించానని ఒక ఉత్తరంలో స్నేహితుడికి రాశాడు. జూదం గురించి బాగా తెలిసిన మనిషి అన్న మాట అది. నేనింతకు ముందు అడిగిన రెండూ వదులుకున్న రచయిత ఈయనే. నవల నిలిచింది, అదీ అలాంటిలాంటి నిలవడం కాదు. మొదటి భాగం చివర్లో కథానాయిక నస్తాస్యా డబ్బు కట్టని మంటల్లోకి విసిరే ఘట్టం ప్లాన్ వేసుకుని రాయగలిగేదేనా అని నాకు ఎప్పుడూ సందేహమే. మధ్య భాగాల్లో కథ దారి తప్పి తిరుగుతుందన్నది కూడా అంతే నిజం. కానీ దారి తప్పకుండా ఉండటానికి ఆ మంటల ఘట్టాన్ని వదులుకోమంటే వదులుకుంటానా? వదులుకోను. ఇక్కడ నా సూత్రం గెలిచిందో ఓడిందో నాకే తెలియదు.

స్వభావం దగ్గరికి వస్తానన్నాను. నాకు తెలిసిన ఒకాయన కథ మొత్తం నోటితో అద్భుతంగా చెబుతాడు. చెప్పేశాక రాయడు. చెప్పడంతోనే ఆయనకి తీరిపోతుంది. ఔట్‌లైన్ కూడా ఆయనకి అదే పని చేస్తుంది, తనకి తను కథ చెప్పేసుకున్నట్టే. అలాంటివాళ్లని ప్లాన్ వేసుకోమనడం కథని చంపమనడమే. ఇంకొకావిడ పాత్రలకి పట్టికలు, కాలక్రమానికి రంగులు, ప్రతి అధ్యాయానికీ ఒక ఫైలు తయారుచేసుకుంది. చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి వాక్యం మాత్రం ఇంకా రాయలేదు. ఈ ఇద్దరి మధ్య తేడా నిజమైనదే, దాన్ని నా వాదన మింగేయలేదు. కాకపోతే ఇద్దరికీ అడ్డుపడుతున్నది ఒక్కటే అనిపిస్తుంది నాకు, చెడ్డ మొదటి ప్రతిని భరించలేకపోవడం. ఒకరు ఉత్సాహం ఉన్నంతసేపే రాయాలనుకుంటారు, ఒకరు తప్పు జరగదని తేలాకే రాయాలనుకుంటారు.

ప్లాన్ అనగానే పెద్ద పట్టికలే ఊహించుకోవడం కూడా మన పొరపాటు. వర్జీనియా వూల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ కోసం నోటుపుస్తకంలో ఒక చిన్న బొమ్మ గీసుకుంది: రెండు దిమ్మెలు, వాటిని కలుపుతూ ఒక నడవ. 1927లో వచ్చిన నవల సరిగ్గా ఆ ఆకారంలోనే ఉంటుంది. ఒక సాయంత్రం, ఏళ్ల తర్వాత ఒక ఉదయం, మధ్యలో మనుషులు లేని ఇంట్లో పదేళ్ల కాలం. ఎవరు ఏమంటారో, ఎవరు చనిపోతారో ఆ బొమ్మలో లేదు. అమెరికన్ రచయిత ఫాక్నర్ మాత్రం ‘ఎ ఫేబుల్’ నవల కోసం తన రాత గది గోడల మీదే వారంలోని రోజుల వారీగా కథ రాసుకున్నాడు. దాదాపు పదేళ్లు పట్టింది, 1954లో వచ్చింది, పులిట్జర్ కూడా అందుకుంది. ఇవాళ ఎక్కువమంది చదివేది మాత్రం అంతకు చాలా ముందు పవర్ హౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ ఆరు వారాల్లో రాశానని ఆయన చెప్పిన ‘ఆజ్ ఐ లే డైయింగ్’నే. (ఒక్క మాట కూడా మార్చలేదని కూడా అన్నాడు. రాతప్రతి చూస్తే మార్పులున్నాయి. పైన చెప్పానుగా.) అయితే ఆ పుస్తకానికి కూడా, మొదటి మాట పెట్టకముందే చివరి మాట ఏదో తనకి తెలుసని ఇంకోచోట చెప్పుకున్నాడు. గోడ మీద లేకపోయినా ప్లాన్ ఉన్నట్టే కదా.

నా మట్టుకు నేను చిన్న కథకి ఏమీ రాసుకోను. ఎన్నిసార్లైనా మొదటికి వెళ్లి రావచ్చు, ఎవరూ చూడరు. ఎక్కడికైనా భాగాలుగా ఇవ్వాల్సి వస్తే మాత్రం ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి పెట్టుకుంటాను: ఎవరు బతికున్నారు, ఎవరికి ఏ సంగతి తెలుసు, ఎవరి వయసెంత, చివరిదాకా ఎవరూ బయటికి అనకూడని మాట ఏది. మిగతాదంతా రాసేటప్పుడే చూసుకుంటాను.